పల్లం చూసి బండాపే మనిషి

"మా మేనమామకి అచ్చం ఇలాంటిదే ఉండేదండీ," అన్నాడు గొడుగు చేతబట్టుకున్న పెద్దాయన.

లిఫ్టాయన తలెత్తలేదు. కాలవగట్టు రోడ్డు పక్కన, బండి వెనకచక్రం దగ్గర, కుడికాలు కర్రలా బార్లా చాపుకుని ఎడమ మోకాలి మీద ఒంగి, స్పానర్ల సంచి పక్కన పెట్టుకుని, టైరుకంటిన ఆయిలు పేలికతో తుడుస్తున్నాడు. ఈ మేనమామ మాట ఆయన చెవిన పడడం ఇది ఎన్నోసారో దేవుడికెరుక. పాత ఇంగ్లీషు మోటారుసైకిలు నడిపేవాడు రోడ్డు వార ఆగితే చాలు, ఎక్కడినుంచో ఒక మనిషి ఊడిపడతాడు. ఆ మనిషికి ఒక మేనమామ ఉంటాడు. ఆ మేనమామకి అచ్చం ఇలాంటిదే ఉండేది. ఫ్యాక్టరీలో తయారైన బండ్లకన్నా మేనమామల దగ్గరున్న బండ్లే ఎక్కువని తేలుతుంది లెక్క తీస్తే. ఇంతమంది మేనమామల్లో ఒక్కడైనా మేనల్లుడి చేతిలో ఒక స్పానరు పెట్టి పోలేదు, అదేం చోద్యమో!

"ఆయిలు కారుతున్నట్టుందండీ."

"కారుతుంది."

"మా మేనమామది కూడా కారేది."

"సంతోషం."

"నేను డ్రాయింగు మాస్టర్ని లెండి. రిటైరయ్యాను. రోజూ ఈ గట్టుమీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు."

ఇటు నుంచి అటే పోరాదా, మళ్లీ ఇటెందుకు, అని లిఫ్టాయన నోటిదాకా వచ్చింది. మింగేశాడు. మాస్టారు గొడుగు మూసి, మైలురాయి మీద రుమాలు పరిచి కూచున్నాడు. సలహా చెప్పడానికి వచ్చినవాడు నిలబడితే పదినిమిషాల్లో పోతాడు, కూచుంటే పూట గడిచినా కదలడు. దారుల్లో తిరిగేవాళ్లెవరికైనా తెలిసిన సంగతే ఇది.

లిఫ్టాయన అసలు పేరు ఉద్యోగం చేసిన కంపెనీ కాగితాల్లో ఉండాలి. వీధిలో అందరికీ ఆయన లిఫ్టాయనే. ముప్ఫై నాలుగేళ్లు పైకీ కిందికీ తప్ప మరెటూ పోని యంత్రాలకి ఊడిగం చేశాడు. ఆసుపత్రుల్లో, ఆరంతస్తుల ఆఫీసుల్లో ఏ ఇద్దరు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినా కబురు ఆయనకే. అలా ఇరుక్కుని బయటపడ్డవాళ్లు థాంక్స్ చెప్పరు, తిడతారు. ఆ తిట్లన్నీ వింటూనే ఒకటి నిశ్చయం చేసుకున్నాడట: చచ్చేలోగా ముందుకు పోయే యంత్రం ఒకటి చేతిలోకి తెచ్చుకోవాలని.

అది ఆయన నలభయ్యో ఏట మూడు గోనెసంచుల్లో, ఒక చెక్కపెట్టెలో ఇంటికొచ్చింది. ఐదొందల సీసీ, ఒకే సిలిండరు, ఎప్పటిదో ఇంగ్లీషు బండి. సంచులు బోర్లిస్తే హాలంతా ఇనుము. దాన్ని బండిగా నిలబెట్టడానికి పదకొండేళ్లు పట్టింది. బజార్లో దొరికే పానాలు దాని నట్లకి పట్టవు. ఒకటి వదులు, ఇంకోటి బిగుతు. బలవంతం చేస్తే నట్టు మూలలరిగి గుండ్రాయైపోతుంది. కొలతలు వేరే, వాటి పానాల సెట్టు వేరే. ఆ సెట్టుని పసిపిల్లకి చుట్టినట్టు ఫ్లానెల్ గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకున్నాడు.

ఫ్లానెల్ గుడ్డ భార్యది. ఆవిడ ఆసుపత్రి యూనిఫారాలు కుట్టేది. ఇంటి ముందుగదిలో సగం ఆవిడ కుట్టుమిషను, సగం ఆయన కార్బురేటరు. ఒకసారి ఒక నర్సు తెల్లకోటు మీద ఆయిలు చుక్క పడింది. ఆవిడ పల్లెత్తు మాటనకుండా ఆ మరక మీద ఇంకో జేబు కుట్టేసింది. ఆ ఆసుపత్రిలో మూడు జేబుల కోటున్న నర్సు ఒక్కతే ఉండేది. ఆ పిల్లకి ఉద్యోగంలో పెద్ద హోదా వచ్చిందేమోనని మిగతావాళ్లు కుళ్లుకున్నారట కూడా.

"మీకు సవతినే తెచ్చాడు మీ ఆయన," అని ఇరుగమ్మ ఎగతాళి చేస్తే ఆవిడ అనేది, "సవతైతే పొయ్యి దగ్గరికైనా వచ్చేదమ్మా. ఇది పొగొక్కటే పెడుతుంది, వంట నాకే."

ఇవన్నీ పాత మాటలు. ఇప్పుడు లిఫ్టాయనకి అరవై తొమ్మిది. బండి నడవడంలో లోటేం లేదు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి, కొత్త బండ్లకి అన్నీ తిరగేసి. ఆయన కాళ్లకి అదే సొంతభాష. వచ్చిన చిక్కల్లా బయల్దేరదీయడంలోనే. దానికి తాళంచెవి లేదు, బటన్ లేదు. కుడికాలితో కిక్కు తన్నాలి. తన్నడమంటే ఊరికే తొక్కడం కాదు. ఎడమచేతి కింద టైమింగు లివరు వెనక్కి లాగాలి. పిస్టను గట్టిగా అడ్డుకునేదాకా మెల్లగా తొక్కి, సిలిండరులో గాలి వదిలే చిన్న లివరు పట్టి పిసరంత దాటించి, వదిలేసి, అప్పుడు ఒంటి బరువంతా ఒక్క తోపు. రెండేళ్ల కిందట ఒక పొద్దున టైమింగు లివరు వెనక్కి లాగడం మరిచిపోయాడు. బండి ఎదురు తన్నింది. గాడిద తన్నితే దూరంగా పడతాం, ఇది తన్నితే ఉన్నచోటే పడతాం. మోకాలు ఉబ్బి గుమ్మడికాయైంది. మెట్ల మీద జారానని ఇంట్లో బొంకాడు.

ఆ వాపుతోనే ఒకరోజు అన్నం దగ్గర గొప్పకి పోయాడు. ఆవేళ బావమరిది వచ్చాడు. అతగాడు పాత కార్లు కొని అమ్ముతుంటాడు. బండికి ఒక బేరం తెచ్చాడు: ఎవరో పళ్ల డాక్టరుగారు దాన్ని తన క్లినిక్కులో అద్దాల గదిలో పెట్టుకుంటాడట, పన్ను పీకించుకోడానికొచ్చినవాళ్లు దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటారట.

"కాలు బావోలేదు కదా బావా, ఇచ్చెయ్యరాదూ?" అన్నాడు.

లిఫ్టాయన చెయ్యి కడుక్కుని మరీ చెప్పాడు. "వినండిద్దరూ. నా కాలితో నేను స్టార్ట్ చేసుకోలేని రోజున నేనే తోసుకెళ్లి ఆ పళ్లాయనకి అప్పజెబుతాను. ఇంకోరి కాలు దానిమీద పడనివ్వను. పడిందా, ఆ రోజుతో సరి."

బావమరిది నవ్వాడు. భార్య నవ్వలేదు. "అన్నమాట గుర్తుంచుకోండి," అంది, అంతే.

అప్పట్నుంచి లిఫ్టాయన బతుకు పల్లాల మీద నడుస్తోంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఆ ఊళ్లో పల్లాన్ని నీటికన్నా బాగా ఎరిగినవాడు ఈయన. బండి ఎక్కడాపినా ముక్కు కిందికి చూసేట్టు ఆపుతాడు. గేరులో వేసి, క్లచ్చు పట్టి, కూచుని నేలని కాళ్లతో రెండు నెట్లు నెట్టి, జారుడులో క్లచ్చు వదిలితే దబదబమని అందుకుంటుంది. కిక్కుతో పనే లేదు. మంగలిని మార్చాడు, పాత మంగలి దుకాణం చదును మీద ఉందని. లైబ్రరీ వీధి వాలుగా ఉందని లైబ్రరీలో చేరి, చేరాక ఊరికే ఉండలేక పుస్తకాలు కూడా చదివాడు. భూమి తోసింది, నా కాలే నెట్టింది, ఇంకోరి కాలు పడలేదు కదా, మాటకొచ్చిన లోపమేముంది అని తనకి తనే ప్లీడరు, తనే జడ్జి.

ఈ పొద్దున ఇంటి ముందు వాలులో బండి జార్చి కొండదారిన బయల్దేరాడు. మూడు వారాలుగా మోకాలు వాచి బండి తియ్యలేదు. తీసేముందు ఆయిలు ట్యాంకు మూత తిప్పి చూస్తే అడుగంటా ఖాళీ. అయ్యో అనుకుని కొత్త డబ్బా విప్పి నిండుగా పోశాడు.

ఇక్కడే ఉంది అసలు తెలివితక్కువతనం. ఈ జాతి బండి చాలారోజులు నిలబడిపోతే ట్యాంకులో ఆయిలు బయటికి పోదు, మెల్లగా ఇంజను అడుగుకి దిగిపోతుంది. ఇంజను తిరిగితే అదే మళ్లీ పైకెక్కి ట్యాంకులో పడుతుంది. అది తెలియక పైన పోస్తే, అడుగున దిగిందీ పైన పోసిందీ కలిసి ఎటూ పట్టక పొంగుతాయి. బండి కొనుక్కున్న ప్రతి కొత్తవాడికీ లిఫ్టాయన చెప్పే మొదటి పాఠం ఇదే. "ట్యాంకు ఖాళీగా కనబడిందని పోశావా, నీ ప్యాంటే నీ ట్యాంకు" అని చమత్కరించేవాడు కూడా. చేసేవాడికి చెప్పేవాడు లోకువంటారు. చెప్పేవాడే చేస్తే ఎవరికి ఎవరు లోకువో!

దానికి తోడు కొండదారిలో ఏవో గొట్టాలు వేస్తున్నారని రోడ్డు మూసి, అందర్నీ కాలవగట్టు మీదికి మళ్లించారు. గట్టురోడ్డు బల్లపరుపు. గోళీ పెడితే ఎటు పోవాలో తెలీక అక్కడే ఉండేంత చదును. దానిమీద కాస్త దూరం పోయాడో లేదో వెనకచక్రం జర్రుమంది. చూస్తే బూటు, ప్యాంటు, టైరు, గొలుసు అన్నీ ఆయిలుమయం. ఆయిలు కనబడగానే చెయ్యి తనంతట తనే పోయి ఇంజను ఆపేసింది, ఏళ్ల అలవాటు. ఆగిన మరుక్షణం తెలిసింది ఎక్కడ ఆపాడో. పల్లమన్నది కనుచూపు మేర లేదు.

ఇదీ సంగతి. ఇప్పుడు టైరు తుడవడం అయింది. ఎక్కువైన ఆయిలు నీళ్లసీసా కోసి అందులోకి దింపడమూ అయింది. మిగిలింది కిక్కు. మాస్టారు మాత్రం కదల్లేదు. సంచిలోంచి కాగితం, పెన్సిలు తీసి బండి బొమ్మ వెయ్యడం మొదలెట్టాడు.

"స్టార్ట్ చెయ్యరేమండీ?"

"చల్లారాలి."

"మా మేనమామైతే వేడిమీదే..."

"మీ మేనమామ పోయారా?"

"ముప్ఫయ్యేళ్లయింది."

"మరి ఆయన్నెందుకండీ పదే పదే లేపుతారు?"

మాస్టారు నొచ్చుకోలేదు. పెన్సిలు చెక్కుకుంటూ, "నేనోసారి తన్ని చూడనా పోనీ?" అన్నాడు.

"వద్దు!" లిఫ్టాయన కేకకి కాలవ పక్కన కొంగ ఒకటి లేచిపోయింది. గొంతు తగ్గించి, "వద్దులెండి. తోసిపెడతారా కాస్త?" అని అడిగాడు.

"నాకు హెర్నియా అండీ."

"అయితే ఆ పంపుహౌసు దాకా వెళ్లి కాసిని నీళ్లు పట్టుకొస్తారా? చేతులు కడుక్కోవాలి."

మాస్టారు గొడుగు విప్పుకుని వెళ్లాడు. ఆయన వీపు చిన్నదయ్యేదాకా ఆగి, అటూ ఇటూ చూసి, లిఫ్టాయన బండెక్కాడు. లివరు వెనక్కి లాగాడు. పిస్టను అడ్డుకునేదాకా తొక్కి, దాటించి, ఊపిరి బిగబట్టి ఒక్క తోపు తోశాడు. సగంలో మోకాలు మానేసింది. నొప్పి అనేకన్నా మానేసిందనడమే సబబు, సమ్మె చేసిన కూలీలా. రెండోసారి తోశాడు. కిక్కు కిందికి పోకముందే కాలు వంకర తిరిగింది. మూడోసారి కాలు ఎత్తాడు, ఎత్తిన కాలు అలాగే దించేశాడు. పెట్రోలు ట్యాంకు మీద నుదురానించి కాసేపు కూచున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పి వల్లే అనుకుందాం.

"నీళ్లండీ," అంది వెనకనుంచి గొంతు. మాస్టారు ఎప్పుడొచ్చాడో వచ్చాడు. మొహం చూస్తే తెలుస్తోంది, చూడాల్సింది చూశాడని. "ఫోన్ చేశానండీ. వస్తున్నామన్నారు."

"ఎవరు?"

"మీ వాళ్లు. మీ స్పానర్ల సంచి మూత మీద ఎర్రదారంతో నంబరు కుట్టుంది కదా, ఈయన దొరికితే ఫోన్ చెయ్యండి అని. ఇందాకే చూసి రాసుకున్నా. కుట్టుపని చాలా బావుందండీ."

లిఫ్టాయన సంచి అందుకుని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ సంచి మూత మీద భార్య ఏదో పువ్వు కుట్టిందనుకుంటున్నాడు ఇన్నాళ్లూ. కళ్లజోడు లేకుండా చూస్తే పువ్వులాగే ఉంటుంది.

అరగంటలో బావమరిది కారొచ్చి ఆగింది. ముందు అతగాడు దిగాడు, పెళ్లికొచ్చినంత హుషారుగా. "ఏంటి బావా, ప్యాంటు నిండా ఆయిలేంటి? ఎవరైనా అప్పడంలా వేయించుదామనుకున్నారా?"

"నోర్ముయ్యి."

"పళ్ల డాక్టరు నిన్ననే అడిగాడు బావా నిన్ను. కులాసానా అని."

"ఒరేయ్, కాస్త ఊరుకో," అంటూ భార్య దిగింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, పని మధ్యలో లేచొచ్చినట్టుంది. మొగుడి మొహం చూసింది, మోకాలు చూసింది, సీసాలో ఆయిలు చూసింది. "ఖాళీగా ఉందని పోశారా?"

లిఫ్టాయన పేలిక తీసి, తుడిచిన టైరునే మళ్లీ తుడిచాడు.

"ఊరందరికీ చెప్తారు కదండీ!"

"అవునే, చెప్తాను. ఊరంతా వింటే నేను వినొద్దా? వినలేదు. చాలా?"

"చాలు. తన్నండి, పోదాం."

"చల్లారాలి."

"ఆగి గంటైన బండి ఇంకా చల్లారలేదంటే అది ఇంజను కాదు, నా కోపం." ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఎన్నాళ్లండీ ఈ నాటకం? వీధి చివర చదును మీద రొట్టెల దుకాణం పెట్టుకుని, మూడు వీధులవతల మిట్టమీద దుకాణానికెళ్లి ఎండిన రొట్టె తెచ్చిన రోజే నాకు తెలిసింది. మీకు లైబ్రరీ ఏంటండీ? రెండేళ్లుగా చూస్తున్నా, వాలు లేనిచోట మీరు నిలబడ్డం కూడా లేదు."

మాస్టారు బొమ్మ ఆపి చెవులు రిక్కించాడు. బావమరిది నోరు తెరిచాడు. "అంటే బావా, కిక్కు..."

"లేదు," అన్నాడు లిఫ్టాయన. "రాదు. రెండేళ్లయింది. ఇప్పుడు తృప్తేనా అందరికీ?"

బావమరిదే ముందు తేరుకుని, "దానికేముంది, నేను తంతా. ఇంటిదాకా పోవాలిగా," అని చేతులు మడిచి బండి మీదికెక్కాడు. లిఫ్టాయన అడ్డం పడబోయి, కాలు సహకరించక ఆగిపోయాడు.

"దిగరా! చెప్పానా లేదా, ఇంకోరి కాలు..."

"ఒరేయ్, ఆ లివరు వెనక్కి లాగరా ముందు!" అని అరిచింది భార్య. "ఎదురు తంతే ముక్కలౌతావు."

లిఫ్టాయన ఆవిడ వంక చూశాడు. బావమరిది లివరు లాగి, ఇనప్పెట్టె పగలగొట్టేవాడిలా దబీదబీమని నాలుగు తన్నులు తన్నాడు. బండి ఒక్కసారి తుమ్మింది, అంతే. ఐదో తన్నుకి ఆయాసంతో దిగిపోయి, "దీన్నా బావా నువ్వు ప్రేమించేది!" అన్నాడు.

"బలంతో కాదురా అది," అంది ఆవిడ. "ఇలా రా. నీ బూట్లివ్వు."

"నా బూట్లెందుకక్కా?"

"చెప్పుల్తో తంతే మడమ పోతుంది. విప్పు."

అక్క మాటంటే చిన్నప్పట్నుంచీ భయం అతగాడికి. విప్పిచ్చి, మేజోళ్లతో రోడ్డుమీద నిలబడ్డాడు. ఆవిడ టేపు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది, బూట్లు తొడిగి దారాలు రెండు ముళ్లేసింది. కార్బురేటరు మీద చిన్నపుల్లని పెట్రోలు పొంగి వేలు తడిసేదాకా నొక్కింది. బండెక్కింది. మెల్లగా తొక్కి, ఎక్కడ అడ్డుకుంటుందో అరికాలితో వెతికి, చిన్న లివరు పట్టి పిసరంత దాటించి, వదిలింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆవిడ మొహం సూదిలో దారం ఎక్కిస్తున్నప్పటి మొహంలాగే ఉంది. పద్దెనిమిదేళ్లుగా ముందుగదిలో కుట్టుమిషను చప్పుడు మధ్య, వచ్చిన ప్రతివాడికీ మొగుడు చెప్పిన పాఠమే అది. విననట్టే కూచుని విందన్నమాట, పొల్లుపోకుండా.

ఒక్కటే తోపు. దబ్ దబ్ దబ్ దబ్ మని బండి అందుకుంది.

మాస్టారు లేచి చప్పట్లు కొట్టాడు. బావమరిది "అక్కా!" అని మేజోళ్లతోనే గెంతాడు. ఆవిడకి నవ్వాగలేదు. యాభయ్యేళ్లు వెనక్కి పోయిన నవ్వు, పళ్లన్నీ కనబడేలా. ఆ నవ్వుతోనే మొగుడివైపు తిరిగింది. తిరిగాక నవ్వు మెల్లగా ఆరిపోయింది.

లిఫ్టాయన నిలబడే ఉన్నాడు. దొంగచేత పట్టుబడ్డ పోలీసులా ఉంది ఆయన వాలకం.

"పళ్లాయనకి ఫోన్ చెయ్యరా," అన్నాడు బావమరిదితో.

"చెయ్యక్కర్లేదు," అంది ఆవిడ, ఇంజను చప్పుడు మీద గొంతెత్తి. "ఎవరికీ ఇవ్వక్కర్లేదండీ. రోజూ పొద్దున నేనే తన్ని ఇస్తా, మీరు తిరిగి రండి. మీకు రొట్టె ఎక్కడ కావాలంటే అక్కడ కొనుక్కోండి."

ఆవిడ మంచికే అంది. అదే ఆయనకి ములుకై దిగింది. అమ్మెయ్యండి అంటే పోట్లాడ్డానికి ఆయన దగ్గర రెండేళ్ల సరంజామా ఉంది. తన్ని ఇస్తా అంటే ఏమనాలి? బడికెళ్లే పిల్లాడికి తల దువ్వి, బొత్తాలు పెట్టి, పోయిరా నాన్నా అన్నట్టు రోజూ పొద్దున్నే సాగనంపుతుందా? ఒప్పుకుంటే అన్నమాట పోతుంది, కాదంటే బండి పోతుంది. రెండూ కాపాడుకునే పల్లం ఈ గట్టుమీద లేదు.

"ఏమండీ, ఎక్కండి. చెయ్యి అదిరిపోతోంది."

ఆయన దగ్గరికొచ్చాడు. ఎక్కలేదు. తన చేతులకున్న తోలు గ్లౌజులు ఒకటొకటిగా లాగి, పెట్రోలు ట్యాంకు మీద ఆవిడ ముందు పెట్టాడు. హెల్మెట్టు మాస్టారి మైలురాయి మీద పెట్టాడు. తర్వాత వెనక్కి తిరిగి, ఇంటివైపు కాదు, రోడ్డు పోయేవైపు నడవడం మొదలెట్టాడు.

"ఏమండీ! ఎక్కడికి?"

కుడికాలు ఈడ్చుకుంటూ ముందుకే పోతున్నాడు.

"ఒరేయ్, వెళ్లి పట్టుకోరా!"

"ఎలా అక్కా? రోడ్డు కాలిపోతోంది, బూట్లు నీ దగ్గరున్నాయి."

మాస్టారు రెండడుగులు వేసి, పొట్ట పట్టుకుని ఆగిపోయాడు. ఆవిడకా, యాక్సిలరేటరు పిడి వదిలితే ఇంజను ఆగిపోతుంది. ఆపాలా, ఉంచాలా? ఉంచింది. గ్లౌజులు తొడుక్కోవడానికైనా చెయ్యి ఖాళీ లేదు. పిడి తిప్పి పట్టుకుని, మెడ సాగదీసి, "ఏమండీ, మీతోనే!" అని కేకేసింది. దబదబల్లో ఆ కేక ఎంతదూరం పోయిందో తెలీదు.

వస్తాననిగానీ, పోతాననిగానీ ఒక్కమాట చెప్పకుండా, గట్టు మలుపు తిరిగాడు లిఫ్టాయన.